గోడ మిగతా భాగం

బోబో-జులాసోలో చిత్రోత్సవం, మూడో రోజు.
గాజు గదిలో కూర్చుని
ఫ్రెంచిని జులాలోకి, జులాని ఫ్రెంచిలోకి
ఒంపుతున్నాను, గంటకు ఇంత అని.
ఆ ఇంత ఇంకా చేతికి రాలేదు.
సరే, అది వేరే సంగతి.

పొద్దుటి సదస్సు: కెమెరా కన్ను.
దర్శకుడు లాసినా ఒక షాట్ ఆపి చూపించాడు.
మట్టిగోడ. బొగ్గు గీతలు. ఏటవాలు ఎండ.
"నాలుగు సెకన్లే ఉంచాను.
ఇంకాస్త నిలిపితే
చూసేవాడు లెక్కపెట్టడం మొదలెడతాడు.
ఇది లెక్క కాదు, నిరీక్షణ."
నిరీక్షణను నిండు బిందెలా మోసుకెళ్ళి
తొణక్కుండా జులాలో దించాను.
కుర్రాళ్ళు రాసుకున్నారు.
ఒకమ్మాయి రెండుసార్లు గీత కొట్టుకుంది.

మధ్యాహ్నం: పెట్టుబడి, పంపిణీ.
అందరూ అన్నం తిని వచ్చారు.
హర్మటాన్ ధూళిని ఫ్యాన్లు
ఒకరి మీంచి తీసి ఇంకొకరి మీద వేస్తున్నాయి.
బ్రస్సెల్స్ నుంచి వచ్చిన నిర్మాత గిస్లెన్
సన్నటి గొంతుతో చెబుతోంది:
చిన్న సినిమాకి పెద్ద దన్ను
వాయిదా పడ్డ పారితోషికమే అని.

నోరు తెరిచాను. మాట లేదు.
మూడు సెకన్ల నిశ్శబ్దం చెవుల్లో పడేసరికి
తలలు గాజు గదివైపు తిరిగాయి.
"జురు" అనేశాను.
అప్పు.
మా దగ్గర తాడుకూ అదే పలుకు.

అప్పుడు లేచింది కొరొతూము,
చివరి వరసలోంచి, మోకాలు పట్టుకుని.
మైకు ఇవ్వబోతే వద్దంది.
పొలం గట్టు మీంచి పిలిచే గొంతు ఆమెది.

"అప్పు అన్నారు కదా, అందుకని లేచాను.
ఇరవై రెండు రోజులు మా వాకిట్లో సినిమా తీశారు.
ముప్పై ఒక్క మంది.
పూటకో బాన అన్నం, బెండకాయ పులుసు.
దీపాలబ్బాయికి కారం పడదు, వాడికి విడిగా.
దించిన ప్రతి బానకీ గోడ మీద గీత గీశాను."

ఫ్రెంచిలో చెబుతుంటే
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
గిస్లెన్ పెన్ను మూత తీసి, మెత్తగా అడిగింది,
రసీదు ఏమైనా ఉందా అమ్మా?

"మీ సినిమాలోనే ఉంది, వెయ్యండి."

ఎవరూ చెప్పకుండానే
ప్రొజెక్టర్ దగ్గరి నొఫూ వెనక్కి తిప్పాడు.
నలభై ఒకటో నిమిషం.
మట్టిగోడ. బొగ్గు గీతలు. ఏటవాలు ఎండ.
నాలుగు సెకన్లు. పోయింది.
మళ్ళీ వేసి, ఈసారి ఆపాడు.

హాలంతా లెక్కపెట్టింది.
కొందరు ఫ్రెంచిలో, కొందరు జులాలో,
వాగా నుంచి వచ్చినవాళ్ళు మూరెలో.
అనువాదం అక్కర్లేక
నేనూ వేళ్ళు ముడిచాను.
ముప్పై ఎనిమిది.

"నలభై నాలుగు," అంది కొరొతూము.
తెర దగ్గరికి నడిచి,
కుడి అంచు దాటి, ఉత్త గోడ మీద చెయ్యి పెట్టింది.
"ఇక్కడున్నాయి ఆరు. ఇటు జరపండి కొంచెం."

నొఫూ తల అడ్డంగా ఊపాడు.
లాసినా చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు.
తర్వాత, అడిగినవాళ్ళు లేకపోయినా, సణిగాడు:
అక్కడ ఒక రబ్బరు చెప్పు ఉండేది,
అందం చెడుతుందని ఫ్రేము ఇవతలికి లాగాను.

ఆ ముక్క జులాలోకి చేర్చాను.
"ఆ చెప్పు నాదే," అందామె.

సాయంత్రం కార్యక్రమంలో
ఈ సదస్సు పేరు మారలేదు.
గిస్లెన్ కాగితం మీద నలభై నాలుగు రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టడం
గాజులోంచి చూశాను.
తర్వాత ఆ గుర్తు కొట్టేసిందో లేదో
తెలియదు, దీపాలు ఆర్పేశారు.

మెట్ల దగ్గర కొరొతూము నన్ను ఆపింది.
"నా మాటలు అటు చేరేసింది నువ్వేనా?
నీకు ఎంతిస్తారు?"
చెప్పాను.
"ఇచ్చారా?"

సంచిలోంచి బొగ్గు ముక్క తీసి
నా చేతిలో పెట్టింది.