నవ్వు వినబడాలి

ముఖంలో ఉన్నా లేకపోయినా
గొంతులో నవ్వు వినబడాలి,
మొదటి రోజే నేర్పారు.
కేసన్ సిటీలో పదకొండో అంతస్తు.
రాత్రి రెండు దాటాక భోజనం:
చల్లారిన అన్నం, ఎండుచేప, ముప్పై నిమిషాలు.

ఎక్కడో పట్టపగలున్న ఊళ్ల నుంచి
ఆగిపోయిన వాషింగ్ మెషీన్లు నన్ను తిడతాయి.
"మీ ఇబ్బంది నాకర్థమైంది" అంటాను,
రాత్రికి తొంభైసార్లు.
అర్థమైన ఇబ్బందులన్నీ
తర్వాత ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం నేర్పలేదు.

పొద్దున ఆరింటికి జీప్నీ.
తమ్ముడి కాలేజీ ఫీజు, గది అద్దె,
ఫోన్‌లో అప్పు యాప్ పలకరింపు -
దానికి నా పుట్టినరోజు కూడా గుర్తే.
కిటికీకి నల్లగుడ్డ కట్టి పడుకుంటే
పక్కింటి పందెంకోడికి అప్పుడే తెల్లవారుతుంది.
నిద్రలోనూ బీప్ మోగుతుంది,
నిద్రలోనూ నేనే ఎత్తాలి.

"ఈ వయసులో నీకేం దిగులే!
మేం తుఫాన్లు చూశాం" అంటుంది
ఇంటావిడ టీటా లుస్.
నిజమే.
తుఫానుకైతే ఒక పేరు పెడతారు,
ముందురోజే రేడియోలో చెబుతారు.

నిన్న ఒక ముసలావిడ,
నీళ్లు దిగని డ్రమ్ము గురించి
సగం చెప్పి, ఆగి,
"అమ్మాయ్, నువ్వు బాగున్నావా?" అంది.
స్క్రీనంతా వెతికాను.
దానికి జవాబు రాసిపెట్టి లేదు.

పదకొండు సెకన్ల నిశ్శబ్దం.
మార్కులు కోశాడు సూపర్‌వైజర్ రోహెలియో.
తర్వాత ఆ రికార్డింగ్ మళ్లీ విన్నాడేమో,
నా బల్ల మీద కాఫీ కప్పొకటి పెట్టి
ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అతనికీ ఇరవై ఆరే.