ఏ ఓలే?

రెండేళ్లు స్పెయినోళ్ల ఓడలో గరిటె తిప్పి
జాలారిపేటలో దిగాడు మా చిన్నాన్న దానయ్య.
వంజరం ముక్క నోట్లో పడితే 'మగ్నీఫికో!'
డాల్ఫిన్స్ నోస్ మీద మబ్బు విడితే 'ఎస్తుపెందో!'
కుళాయికి నీళ్లొచ్చినా 'బ్రావో!'

ఓ పొద్దున హార్బర్లో
పీతల గంప చూసి 'ఓలే!' అని కేకేశాడు.
వేలంపాట ఆగిపోయింది.
నలుగురాడోళ్లు వెనక్కి తిరిగి
'ఏటి, ఎవుర్ని పిలిసినావు?'

పిలవలేదర్రా, పొగిడానన్నాడు.
నవ్వలేక పోలమ్మ గంప దించేసింది.

పిన్ని మాత్రం నవ్వలేదు.
ముప్పయ్యేళ్లు ఆ కేకకే
మంచినీళ్లు తెచ్చింది, లుంగీ అందించింది,
నిద్దట్లోంచి లేచింది.

ఆ రాత్రి నెత్తళ్ల పులుసు కలుపుకుని
'ఓలే' అన్నాడు.

గిన్నె మీద మూత పెట్టబోతూ ఆగి
'ఇది ఏ ఓలే?' అంది.

చిన్నాన్న
ఇంకా ముల్లు తీసుకుంటూనే ఉన్నాడు.