ఆరున్నొక్కటి

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
అర్ధరాత్రి కూడా బయట ముప్పై ఆరు, లోపల ఆరు.
తలుపు తీస్తే తెల్లటి పొగ పిల్లిలా కాళ్ళకి చుట్టుకుంటుంది,
వెనకే ఘాటు, ఒక తుమ్ము.
పాతికేళ్ళ నౌకరీలో దానికి మాత్రం అలవాటు పడలేదు.

మూడో అంతస్తు దాకా తేజ రకం టిక్కీలు.
కంప్రెసర్ దమ్ము బిగబట్టి వదిలే చప్పుడులో
ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని
ఫోనులో పక్షుల్ని లెక్కపెడుతుంటాను.

నేర్పింది గ్రేడింగు మేస్త్రి కూతురు షంషాద్.
జువాలజీ చదువుతోంది.
"నిద్ర ఆపుకోడానికి టీ ఎందుకు బాబాయ్, ఇవి చూడు" అంది.
భూమికి అడుగున, మంచు కొసన,
ఎవరో రాతికి కట్టిపోయిన కెమెరా
గంటకో ఫొటో తీస్తుందట.
ఏడాదికోసారి ఓడ వచ్చి పట్టుకెళ్తుందట.
లెక్కకి మనుషులు చాలక మాలాంటి వాళ్ళకి పంచుతారట.
పెద్ద పెంగ్విన్‌కి ఎర్ర చుక్క, పిల్లకి పసుపు, గుడ్డుకి నీలం.

నేను లాభంతో మొదలెడతాను.
లాభం, రెండు, మూడు...
"ధాన్యమా బాబాయ్?" అని నవ్వుతుంది.
మరేమిటి?
గూడంటే గుప్పెడు గులకరాళ్ళు.
ఒకటి అటు తిరగ్గానే పక్కది రాయి లాగేస్తుంది,
శాంపిల్ పేరుతో కాయ జేబులో వేసుకునే వాళ్ళలా.
ఆరు తర్వాత ఆరున్నొక్కటి.
మా అమ్మ కుంచం దగ్గర నేర్చుకున్నది:
కొలిచే చోట ఏడుపు మాట అనకూడదు.

ఒకసారి ఆకాశం నుంచి తీసిన బొమ్మ చూపించింది.
తెల్లటి తీరం మీద ఎర్రటి మరక.
"మన కళ్ళమే! పేరేచర్ల పక్కన ఆరబోసిన కాయ!" అన్నాను.
"రెట్ట బాబాయ్. ఎర్ర రొయ్యలు తిని తిని.
మరక ఎంత పెద్దదైతే అన్ని పక్షులు."
ఆ రాత్రంతా సంతోషం నాకు,
పరాయి దేశంలో మన యాస వినబడ్డట్టు.

మా బావమరిదికి చెప్పాను.
రేపల్లె దగ్గర అతనికి రొయ్యల చెరువు.
మేత బస్తా వెనక్కి తిప్పాడు,
సన్న అక్షరాల్లో క్రిల్ అని ఉంది.
అక్కడ ఓడలు వలలేసి తోడుతున్నది అదే.
అతను మంచివాడు. అప్పులున్నాయి.
పోయిన వారం కిలో రొయ్యలు పంపాడు.
తిన్నాను. బావున్నాయి.

నిన్న రాత్రి కొత్త ఫొటోలొచ్చాయి.
అదే రాయి, అదే కొండ భుజం.
మంచు పడాల్సిన చోట వాన.
పిల్లల నూగు తడి గోనెలా ఒంటికి అతుక్కుపోయి.
నిరుడు ఈ చట్రంలోనే నూట పన్నెండు పసుపు చుక్కలు పెట్టాను.

వాన అనగానే యార్డంతా పట్టాలు పట్టుకు పరిగెత్తే మనుషులం.
నేనూ కుర్చీలోంచి లేచాను.
ఎక్కడికి?

తెల్లారుజామున నాలుగింటికి షంషాద్‌కి ఫోన్ చేశాను.
"ఎన్ని?" అంది నిద్ర గొంతుతో.
లాభం, రెండు, అంటూ మొదలెట్టి
ఆరు దగ్గర ఆగి
అమ్మ కుంచానికి మనసులోనే దండం పెట్టుకుని
ఏడు, అన్నాను.

అటు కాసేపు మాట లేదు.
కంప్రెసర్ ఆగింది, మళ్ళీ అందుకుంది.
"రాసుకున్నా. తర్వాతి ఫొటో తెరువు బాబాయ్."