పది తెత్రీల లిఫ్టు

త్బిలిసీ చివర, గ్లదానిలో,
ఆ తొమ్మిదంతస్తుల మేడలో
లిఫ్టు ఊరికే కదలదు.
పది తెత్రీల బిళ్ళ మింగితేనే
మూలుగుతూ పైకి లేస్తుంది.
చిల్లర లేని రోజు మెట్లెక్కుతాను.
భుజాన సంచీ, అందులో బొమ్మల అట్టలు,
ఎండుద్రాక్ష పొట్లం, పెన్సిలు, లెక్కల కాగితాలు.
నేను తలుపు కొట్టకముందే గొళ్ళెం కదులుతుంది.
షియోకి నా అడుగుల లెక్క తెలుసు.
ముఖమే ఇంకా తెలియదు.

వంటింటి బల్లే మా బడి.
వాళ్ళమ్మ తమ్తా మందుల షాపులో రాత్రి డ్యూటీ చేసొచ్చి
పక్కగదిలో నిద్రపోతుంటుంది.
నాయనమ్మ ఎతేరి పిండి పిసుకుతూ
నన్ను ఓరగా చూస్తుంటుంది.

"ముక్కు ముట్టుకో."
వాడు కిటికీని చూస్తాడు.
చెయ్యి పట్టి ముక్కుదాకా తీసుకెళ్తాను.
ఎండుద్రాక్ష ఒకటి.
"ముక్కు ముట్టుకో."
ఈసారి మోచేతిని కొంచెం కదిలిస్తానంతే.
ఎండుద్రాక్ష ఒకటి.
"ముక్కు ముట్టుకో."
నా చేతులు నా ఒళ్ళోనే ఉంచుకుని
ఆగుతాను.
ఆగడమే నా పనిలో కష్టమైన భాగం.

"కుక్కపిల్లకి నేర్పినట్టే ఉంది"
అంది ఎతేరి రెండోవారం, తలెత్తకుండా.
ఆ రాత్రి మెట్రోలో
ఆ మాట నా పక్కసీట్లో కూర్చుని ఇంటిదాకా వచ్చింది.

మూడు నెలలు.
ముక్కు వచ్చింది, చెవి వచ్చింది.
చెంచా అడిగితే చెంచా ఇస్తాడు,
గిన్నె అడిగినా చెంచాయే ఇస్తాడు.
మాట రాలేదు.

ఫిబ్రవరిలో హీటరు చెడిపోతే
బాగుచేయడానికి సోఫా జరిపింది ఎతేరి.
నన్ను పిలిచి చూపించింది.
గోడవారన ఎండుద్రాక్షలు,
వరసకి పది చొప్పున,
మధ్యలో వేలెడు సందు కూడా తప్పకుండా,
దుమ్ముపట్టిన మూడు నెలల నా జీతం!
వాడు ఒక్కటీ తినలేదు.
మరి ఇన్నాళ్ళూ
దేనికోసం వచ్చి కూర్చున్నట్టు నా ఎదుట?

ముసలామె ఏమీ అనలేదు.
పిండిచేత్తో ఏప్రాన్ జేబు తడిమి
ఒక బిళ్ళ తీసి బల్లమీద పెట్టింది.
షియో లేచి నిలబడ్డాడు.

ఆ రోజు బడి లిఫ్టులో.
బిళ్ళ పడింది, బల్బు వణికింది,
అంతస్తులు ఒక్కొక్కటే కిందికి జారుతుంటే
వాడి రెండు చేతులూ రెక్కలయ్యాయి.
'ఈ కదలిక తగ్గించాలి' అని ఉంది నా ఫైల్లో.
ఆ పూట నేను ఫైలు తీయలేదు.

పైకి చేరాక ఆగింది.
రెండో బిళ్ళ నా గుప్పిట్లో ఉంది.
గుప్పిట తెరవలేదు.
వాడు నాణెం గాటును చూశాడు,
గుప్పిటను చూశాడు,
నా మణికట్టు, మోచెయ్యి, భుజం
మెల్లగా ఎక్కుతూ వచ్చి
నా కళ్ళ దగ్గర ఆగాడు.
"కిదేవ్."

మళ్ళీ అన్నా, ఇంకా అన్నా
వాళ్ళ భాషలో అదే మాట.
బొంగురుగా, అరిగిన తలుపులా వచ్చింది.
ఎతేరి గోడకి చెయ్యి ఆనించింది.
అద్దం మీద ఐదు పిండివేళ్ళు.

బిళ్ళలన్నీ అయ్యాయి.
కింద బంగాళాదుంపల సంచీతో
పావుగంటగా నిలబడ్డ మూడో అంతస్తు ఒతరి
తిట్టడానికి నోరు తెరిచి
జేబు వెతుక్కున్నాడు.

తమ్తాని లేపుదామన్నాను.
"పడుకోనీ. రేపు వాడే చెప్తాడు" అంది ఎతేరి.

చెప్పలేదు.
మర్నాడూ లేదు, ఆ పై మూడువారాలూ లేదు.
బిళ్ళ చూపిస్తే గుప్పిట విప్పుకుని తీసుకుంటాడు.
కాగితం మీద నేను పెట్టిన ఆ ఒక్క కూడిక గుర్తు మీద
తమ్తా చూపుడువేలు ఆనించి
చాలాసేపు అలాగే ఉంచింది.
పెన్సిలు గీత కాస్త చెరిగింది.
నేను దిద్దలేదు.

ఇప్పుడు నా కోటు జేబు నిండా చిల్లర.
అయినా వెళ్ళేటప్పుడు మెట్లే ఎక్కుతాను.
పైన ఒకడు
తలుపు వెనక నిలబడి
లెక్కపెట్టుకుంటుంటాడు కదా.