పద్నాలుగో ప్రశ్న

వారానికి ఎన్ని గంటలు చూసుకుంటారు మీ భార్యని?
చిన్న గడి ఇచ్చారు. రెండంకెలు పడతాయి,
నా వేళ్లకి అదీ ఇరుకే.

రాత్రి ఒంటిగంటా ఇరవైకి లేచాను.
మూడుంబావుకి లేచాను.
మధ్యలో లేవలేదు, అలాగని పడుకోనూ లేదు.
గోడ అవతల ఊపిరి ఉందా లేదా అని వింటున్నాను.
విన్న గంటలు రాయొచ్చా?

నేను ఈ ఊరివాణ్ణి కాదు. స్టోక్ వాణ్ణి.
ముప్పై ఏళ్లు బట్టీలో టీకప్పులు కాల్చాను.
రిటైరయ్యాక ఎలీనెడ్ పుట్టిన చోటికని
ఈ వెల్ష్ కొండల్లోకి వచ్చాం,
ఇంటి కప్పులూ పలకరాళ్లే, సమాధులూ పలకరాళ్లే,
వాన వెలిస్తే జనం ఒకరికొకరు ఫోన్ చేసుకునే ఊరు.

పక్షవాతం ఆమె కుడిచెయ్యి తీసుకుంది.
పోతూ పోతూ ఇంగ్లీషు కూడా పట్టుకుపోయింది.
మా ప్రమాణాలు, మా పోట్లాటలు,
నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరు,
నలభై నాలుగేళ్లు కాపురం చేసిన భాష
తడిగుడ్డతో తుడిచిన పలక.
వాళ్లమ్మ ఒళ్లో నేర్చిన వెల్ష్ మిగిలింది.
నాకు ఒక్క ముక్క వచ్చు,
మలుపుల దగ్గర రోడ్డు మీద తెల్లగా రాసి ఉండే ముక్క:
ఆరావ్. మెల్లగా.

ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు
దూర్, దూర్ అంది.
డోర్ అంటోందనుకుని తలుపు తీశాను.
మూశాను. మళ్లీ తీశాను.
చలిగాలి, పక్కింటి కుక్క లోపలికొచ్చాయి.
ఆమె ఏడుస్తోంది, నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.
సాయంత్రం వచ్చిన నర్సు పిల్ల చెప్పింది,
నీళ్లు అడుగుతోందండీ అని.
మంచానికీ కుళాయికీ ఎనిమిదడుగుల దూరం.
నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకున్నాను.
ఓయర్, చలి.
పోయెన్, నొప్పి. అది ఎక్కడికీ పోదు.
చెంచా నోటి దగ్గర పెట్టి
నాకు వచ్చిన పాత ముక్కే వాడతాను,
ఆరావ్, ఆరావ్,
గొంతులో పడితే దగ్గు, దగ్గు ముదిరితే అంబులెన్సు.

కార్డిఫ్ నుంచి వాళ్ల చెల్లెలు ఆదివారాలు ఫోన్ చేస్తుంది.
నువ్వు దేవుడివి డెరిక్, అంటుంది.
మంగళవారం ఏం జరిగిందో చెప్పలేదు.
మూడోసారి తడిసిన పక్క మార్చి,
ఆ చచ్చుబడ్డ చేతిని చొక్కాలోకి దూర్చడానికి
గుంజాను. మెల్లగా కాదు.
పైడ్, అంది.
ఫ్రిజ్ దాకా వెళ్లి చూసొచ్చాను, వద్దు అని.
ఈ ఫారంలోనూ ఉంది ఆ మాట, మా స్పెల్లింగుతో,
పెయిడా కాదా అని ఎక్కడెక్కడో అడిగారు.
అవే నాలుగక్షరాలు.
వంటింట్లో కెటిల్ వేసి, అది మరిగి ఆరిపోయినా
చాలాసేపు అక్కడే ఉన్నాను.

వాళ్లకి ఒక ల ఉంది.
నాలుక పైకి ఆనించి పక్కలనుంచి గాలి ఊదాలి,
కోపమొచ్చిన పిల్లిలాగా.
పాలు అనడానికి అది కావాలి. నాకు రాదు.
నిన్న ఒంటిగంటా ఇరవైకి
పాలు వెచ్చబెట్టి తెచ్చి ఆ మాట అన్నాను.
తల అడ్డంగా ఊపింది.
మళ్లీ అన్నాను.
ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుంది,
నోరు తెరిపించింది,
బడిపిల్లాడికి చూపినట్టు తన నాలుక చూపించింది.
ఊదాను. ఉమ్మంతా ఆమె కళ్లజోడు మీద.

సగం మూతితోనే నవ్వింది, చాలాసేపు.
పాలు చల్లారిపోయాయి.
మళ్లీ వెచ్చబెట్టాను.

ఆ గంట ఏ లెక్కలో వేయాలో తెలీక
గడి వదిలేశాను.
పదిహేనో ప్రశ్న, బ్యాంకు ఖాతా నంబరు.
అది కంఠతా వచ్చు.