గంటకింత

ఏ వస్తువు గంటకెంతో నాకు కంఠతా వచ్చు.
కందకాలు తవ్వే మిషను నలభై రెండు.
చెట్టు మొద్దుల్ని పొట్టు చేసేది యాభై ఐదు.
మడతకుర్చీలు డజను తొమ్మిది,
జనరేటర్ అయితే పెట్రోలు మీరే పోసుకోవాలి.
కౌంటర్ మీద ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది పట్టీ,
కాఫీ ఒలికినా చెరగదు.
అందులో లేనిది నా గంట ఒక్కటే.

మా కంపెనీకి నదికి ఇటొక కొట్టు, అటొక కొట్టు.
ఇటు ఐడహో, అటు ఆరెగన్.
మధ్య వంతెన కారులో నాలుగు నిమిషాలు,
ముందు ఉల్లిగడ్డల లారీ ఉంటే ఏడు.
రెండుచోట్లా అదే ఎర్ర చొక్కా, అదే ఊడిపోయే మూడో గుండీ,
అదే కంప్యూటర్, శనివారం రద్దీలోనే మొరాయిస్తుంది.
గడియారాలు కూడా రెండొడ్లా ఒకే టైము చూపిస్తాయి.
ఆ గంటకే
అక్కడ మూడు డాలర్ల ముప్పావలా ఎక్కువ.

పదకొండేళ్లు ఈ సంగతి నాకు తెలియదు.
ఒకరి జీతం అడగకూడదని అమ్మ నేర్పింది,
వదినగారిని బరువెంతని అడగనట్టే.

మార్చిలో అటు కౌంటర్‌లో డెల్బర్ట్ మొరినాగ
నడుం పట్టేసి మంచం ఎక్కితే
రెండు వారాలు నన్ను పంపారు.
లైసెన్సు చూడటం,
సంతకం చోట వేలు పెట్టి చూపించడం,
బురదతో తెస్తే కడుగుడు చార్జీ అని చెప్పడం,
చెప్పలేదని అరిచేవాడికి వాడి సంతకం మళ్లీ చూపించడం.
తిట్లు కూడా అవే.
వాటికి రాష్ట్రం తేడా లేదు.

చెక్కు కాగితం మీద రెండు వరసలొచ్చాయి.
లోరేయా ఇబార్గెన్, పదమూడున్నర.
లోరేయా ఇబార్గెన్, పదిహేడుంపావు.
వంటింటి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను.
కింది వరసలో ఆవిడ
దవడ పన్నుకి తొడుగు వేయించుకోగలదు.
పైనావిడ ఇంకో చలికాలం
కుడివైపే నమలాలి.

హెడ్డాఫీసుకి ఫోన్ చేశాను.
ఎత్తిన అమ్మాయిది మంచి గొంతు, చిన్న వయసు.
"అది లొకేషన్‌ని బట్టి ఉంటుంది మేడమ్."
మరి నేను నా రెండు కాళ్లనీ తీసుకునేగా వెళ్లాను?
"అక్కడ ఖర్చులెక్కువ కదండీ."
ఎక్కువే, కాదనను.
అందుకే డెల్బర్ట్ కాపురం ఇటే,
మా ఇంటికి రెండు వీధుల అవతల.
పొద్దున్నే వంతెన దాటి ఖరీదైన మనిషి అవుతాడు,
సాయంత్రం చవకైపోయి ఇంటికొస్తాడు.
మా వాళ్లేమో అమ్మకం పన్ను లేదని
టీవీలకీ టైర్లకీ అటే పోతారు.

ఏప్రిల్‌లో మా తవ్వే మిషను గొలుసు తెగితే
వాళ్లది తెప్పించాను.
ట్రక్కెక్కి వచ్చింది, తాళ్లతో బిగించుకుని, మహారాజులా.
ఒడ్డు మారినా దాని రేటులో ఒక్క సెంటు రాలలేదు.
ఇక్కడా నలభై రెండే.
దాని పళ్ల సందుల్లో అవతలి మట్టి ఉంటే
కడుగుడు చార్జీ ఎవరికి వెయ్యాలో తెలియక
నేనే గొట్టంతో కడిగాను.
కాసేపటికి అది మన మట్టిలో కలిసింది.
ఏది ఏదో చెప్పమంటే చెప్పలేను.

బదిలీకి పేరు రాయించాను. నాది తొమ్మిదోది.
డెల్బర్ట్ నడుం ఇప్పుడు బాగుంది.
బాగుండాలనే కోరుకున్నాను,
నూటికి తొంభై పాళ్లు.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు, పంతొమ్మిది ఉంటాయేమో.
కిటికీ మీది "మనుషులు కావలెను" చూసి వచ్చాడట.
చాలాసేపు కుర్చీల రేట్లు చదువుతున్నట్టు నిలబడి
చివరికి నేల చూస్తూ అడిగాడు,
"ఇక్కడ గంటకి ఎంతిస్తారండీ?"
అమ్మ గుర్తొచ్చింది.
రెండు అంకెలూ చెప్పాను.
వంతెన ఎటువైపో చూపించాను.
వాడి కారు ఇంజను ఇంకా ఆపనే లేదు.

"ఆ ఉల్లి లారీని పోనీ,
తరవాత బయల్దేరు" అన్నాను.