గడ్డిలో పేరు

దేవరకొండ బస్టాండు వెనక
షట్టర్ల మీద సిమెంటు కంపెనీల పేర్లు రాసే ఈదయ్యకు
పట్నం నుంచి ఒక కథ వచ్చింది.
అందులో సింహం, సముద్రం.
బొమ్మకు నలభై రూపాయలు.

సింహాన్ని చూసినోడు కాదు.
మటన్ దుకాణం ముందు కునికే ఎర్రకుక్కకు
జొన్నకంకుల జూలు పెట్టిండు.
సముద్రమంటే డిండి చెరువే,
అవతలి గట్టు గీయకుండా ఆపిండు, అంతే.

పుస్తకంల పేరు 'ఉదయ్' అని పడ్డది.
అచ్చుతప్పు కాదట,
పిల్లలకు నోరు తిరగాలె కదా అన్నరట.

ముప్పై ఏండ్లు. నూటపది పుస్తకాలు. అన్నీ ఉదయ్‌వే.
కానీ ఏ పేజీలనైనా
జంతువు తోక కింది గడ్డి చూడు,
మూడు పోచలు వంకరగుంటయి:
ఈ, ద, య్య.

మొన్న మా చిన్నది వేలు పెట్టి చదివిందని చెప్తే
వణికే చెయ్యి ఒళ్లో దాచుకొని
"కుక్కను గుర్తుపట్టిందా?" అన్నడు.